కరువు బృందానికి విందు

ఒక పెద్ద అడవిలో, అంటే ఒక మూల మంచు పడుతుంటే ఇంకో మూల ఇసుకలో పేలాలు వేయించుకోగలిగేంత పెద్ద అడవిలో, అందరికీ కలిపి ఒక్కటే సభ ఉండేది. దక్షిణాన ఏడాదికి ఎనిమిది నెలలు వాన కురిసే కొండలు, తూర్పున సముద్రం, నడుమ ఒక నది, నదికి కాస్త ఎగువన గడ్డి మైదానం. ఎక్కడి వాతావరణం అక్కడిదే అయినా రూలు మాత్రం అందరికీ ఒకటే. ఏ ప్రాంతపు జంతువు, విందుకు పిలిస్తే తప్ప, ఆ ప్రాంతపు నీళ్ళే తాగాలి. అక్కడ కరువుందని సభ రాసిస్తే తప్ప నది రేవులో కాలు పెట్టకూడదు. రేవుకు మొసళ్ళు కాపలా. అందుచేత ఆ రూలును మీరిన వాళ్ళు లేరు. ఉన్నా తిరిగొచ్చి చెప్పలేదు.

గడ్డి మైదానానికి పెద్ద కొమ్మయ్య, మెలికల కొమ్ముల కృష్ణజింక. మంచివాడే, కాకపోతే పరువు పిచ్చి. రెండేళ్ళుగా వానలు మొహం చాటేస్తే కుంటలన్నీ ఎండి ఒక్కటే మిగిలింది. కొమ్మయ్య కూతురు ఈని పది రోజులైంది. తల్లికి నీళ్ళు లేక పాలు ఇంకిపోతున్నాయి. పసిది పొదుగు వదిలి అరిచేది.

కొమ్మయ్య సభకు మూడు అర్జీలు పెట్టుకున్నా జవాబు లేదు. నాలుగోదానికి కాకి కబురు తెచ్చింది. సోమవారం కరువు పరిశీలన బృందం వస్తోందట. ఇసుక ప్రాంతపు ఒంటె అధ్యక్షుడు, నదిలో ఉండే నీటికుక్క సభ్యుడు, రాతకోతలకు నక్క.

మైదానమంతా ఒకచోట చేరింది. నిక్కచ్చిగా మాట్లాడే ముసలి బట్టమేక పిట్ట ముందుకొచ్చింది.

"అన్నా, వాళ్ళు కరువు చూసేదానికి వస్తాండారు. కరువునే చూపిద్దాం."

కొమ్మయ్యకు ఆ మాట గిట్టలేదు. "గడప తొక్కినోళ్ళకు గుక్కెడు నీళ్ళు పోయలేదంటే నేను తల యాడ పెట్టుకునేది?" అన్నాడు.

అందరికీ అదే సబబుగా తోచింది. బృందం వచ్చేసరికి కుంట నిండుగా కనిపించాలని మూడు రోజులు ఎవరూ అందులో మూతి పెట్టలేదు. కుందేలు తన బొరియ దగ్గర దాచుకున్న నాలుగు పచ్చగడ్డి పరకలు తెచ్చి ఇచ్చింది. డొక్కలు ఎండిన మనుబోతులను చూస్తే వచ్చినవాళ్ళు ఏమనుకుంటారోనని వాటిని గుట్ట వెనక కూర్చోబెట్టారు. దుంపలు తవ్వుకుని తిని ఇంకా కండ పట్టి ఉన్న అడవిపందిని మాత్రం ముందు వరసలో నిలబెట్టారు.

సోమవారం బృందం దిగింది. నెమలి స్వాగతం పలికింది. ఒంటె ఎన్నాళ్ళ కిందట నీళ్ళు తాగిందో దానికే గుర్తు లేదు. కుంటలోకి తల దించింది. మళ్ళీ ఎత్తేసరికి సగం కుంట ఖాళీ.

కొమ్మయ్య మిగిలిన నీళ్ళ వంక చూశాడు. కానీ అలవాటైన నోరు ఊరుకుంటుందా? "మొహమాటపడకండి, ఇంకాస్త పుచ్చుకోండి" అన్నాడు. ఒంటె మొహమాటపడలేదు. మిగిలిన నీళ్ళలో నీటికుక్క స్నానం చేసి, నదికంటే వెచ్చగా ఉన్నాయని మెచ్చుకుంది.

"మా ఇసుకలో ఇంత నీరు కనిపిస్తే దాన్ని సముద్రం అంటాం" అంది ఒంటె, మూతి తుడుచుకుంటూ.

వారం తరువాత కాకి నివేదిక చదివి వినిపించింది. మైదానంలో కరువు ఛాయలు లేవు. నీరు పుష్కలంగా కంటపడింది, అధ్యక్షులు స్వయంగా తాగి నిర్ధారించారు. ప్రజలు పుష్టిగా ఉన్నారు. ఆతిథ్యం అమోఘం. కనుక సభ వేసవి సమావేశాలు ఇకపై అక్కడే జరపాలి.

కొమ్మయ్య బట్టమేక పిట్ట కంటపడకుండా తిరిగాడు. సిగ్గుతో రెండు రోజులు కూతురి దగ్గరకు వెళ్ళలేకపోయాడు.

సభ వచ్చేనాటికి కుంట నెర్రెలిచ్చింది. పసిదానికి లేచి నిలబడే ఓపిక లేదు. ఉడుము చూపించిన ఒక రాతి పగులులో మాత్రం దొప్పెడు నీళ్ళున్నాయి. కూతురు పూటకో గుక్క తాగి, వచ్చిన నాలుగు చుక్కల పాలతో బిడ్డను నిలుపుకుంటోంది.

సింహం, ఏనుగు, జడలబర్రె, ఇంకా వాటి వెనక ముప్ఫై మంది సభ్యులు ఎండలో నడిచి వచ్చి కూలబడ్డారు. ఒంటె పాత పరిచయం కొద్దీ చొరవగా అడిగింది. "ఏం కొమ్మయ్యా, సింహంగారికి ముందు మంచినీళ్ళు ఇప్పించు."

కొమ్మయ్య కాళ్ళు వాటంతటవే రాతి పగులు వైపు నాలుగడుగులు వేశాయి. అక్కడ కూతురు బిడ్డను నాకుతూ కనిపించింది. ఆగిపోయాడు. తాతల నాటినుంచి ఆ ఇంట ఎవరూ అనని మాటతో సింహం వైపు తిరిగాడు.

"లేవు సామీ" అన్నాడు. "అప్పుడూ లేవు. లేవని చెప్పేదానికి నాకు సిగ్గేసింది."

ఎవరూ నమ్మలేదు. మధ్యాహ్నానికి అందరూ నమ్మారు. సింహం నాలుక బయటపెట్టింది. ఒళ్ళంతా ఉన్నికోటు తొడుక్కుని వచ్చినట్టున్న జడలబర్రె సొమ్మసిల్లింది. నీటికుక్క చర్మం పగిలి, మైదానం చరిత్రలోనే ఇలాంటి కరువు లేదని ఏడ్చింది. రెండేళ్ళు కదలని కాగితం అరగంటలో తీర్మానమైంది. సభ్యులు తీవ్రమైన దాహబాధకు గురైనందున, సమావేశాలు ముగిసేవరకు వారు సపరివారంగా నది రేవును వాడుకోవచ్చు. మైదానపు జంతువుల ఊసు అందులో లేదు.

కొమ్మయ్య ఆ కాగితాన్ని నక్క చేత రెండుసార్లు చదివించుకున్నాడు. తరువాత, ఇంకా గుట్ట వెనకే ఉన్న మనుబోతులను పిలిపించి ఒంటె వెనక నిలబెట్టాడు. కుందేళ్ళు, నెమళ్ళు, చివర కూతురు, ఆమె పక్కన పసిదాన్ని వీపున వేసుకున్న అడవిపంది. రేవు దగ్గర మొసలి ఈ వరసంతా ఏమిటని అడిగింది.

"పరివారం" అంది ఒంటె. వెనక ఎంతమంది ఉంటే దానికి అంత గొప్ప మరి.

ఆ సాయంత్రం పసిది కడుపు నిండా పాలు తాగి తాత కాళ్ళ మధ్య నిద్రపోయింది. మర్నాటినుంచి కొమ్మయ్య మర్యాదలు మళ్ళీ మొదలయ్యాయి. ఇంకో రోజు ఉండండి, ఇంకో తీర్మానం చేయండి అని కొసరి కొసరి బతిమాలి వానలు పడేదాకా సమావేశాలు ముగియనివ్వలేదు. రికార్డుల్లో మాత్రం మైదానం ఈనాటికీ సస్యశ్యామలమే.

నీతి: అతిథి దేవుడే, కాదనం, కానీ కరువు చూడటానికి వచ్చిన దేవుడికి నైవేద్యం పెట్టకూడదు.