పరిష్కారం కాని కుక్క

సోమవారం, ఉదయం పది గంటల నలభై నిమిషాలు. ఉష్ణోగ్రత ముప్పై ఒక్క డిగ్రీలు. ఆకాశంలో మబ్బు లేదు. గాలి పడమటి నుంచి, జెండా కదలడానికి సరిపడా, కాగితాలు ఎగరడానికి చాలనంతగా వీస్తోంది. ప్రకృతి ఇంతగా సహకరించిన ఆ ఘడియలో పశుక్షేమ శాఖ మంత్రివర్యులు మైకు ముందుకు వచ్చి, తమ ప్రభుత్వ హయాంలో జవాబు దొరకని పెంపుడు జంతువంటూ ఇక ఉండబోదని ప్రకటించారు.

పథకం పేరు ‘పెంపుడు నేస్తం’. కుక్క దగ్గినా, పిల్లి అలిగినా, చిలుక మాట మానేసినా, యజమాని ఆ పోర్టల్‌లో ఒక ప్రశ్న రాస్తే చాలు, పది నిమిషాల్లో జవాబు వస్తుంది. రాకపోతే రాజీనామా చేస్తానని మంత్రివర్యులు సెలవిచ్చారు. జవాబు ఎలా ఉంటుందన్న విషయంలో వారు ఏ హామీ ఇవ్వలేదని, వారి గౌరవార్థం, ఇక్కడే నమోదు చేస్తున్నాను.

పది నిమిషాల్లో జవాబులు రాయగలిగినవారు దేశంలో ఒక్క చోటే ఉన్నారు. మంత్రివర్యుల పార్టీ సోషల్ మీడియా విభాగంలో. ఎన్నికలు గెలిచాక పని లేక, ఒకరినొకరు తిట్టుకుంటూ కాలక్షేపం చేస్తున్న నూట నలభై మంది కార్యకర్తలను తెచ్చి, ఏసీ హాల్లో, హెడ్‌ఫోన్లు పెట్టి కూర్చోబెట్టారు. వారికి జంతువుల గురించి తెలియదు. కానీ ఎవరైనా ప్రశ్న అడిగితే ఏం చెయ్యాలో బాగా తెలుసు. ప్రశ్నను వదిలేసి అడిగినవాణ్ణి పట్టుకోవాలి. అయిదేళ్ళుగా వారు అభ్యసించిన విద్య అదే.

ఫలితం మొదటి గంటలోనే కనిపించింది. తన చిలుకకు ఈకలు రాలుతున్నాయని ఒక గుమాస్తా రాస్తే, ముందు నువ్వు పంజరంలో కూర్చుని చూడు, వెంట్రుకలు రాలతాయో లేదో తెలుస్తుంది అని జవాబు వెళ్ళింది. పిల్లిపిల్ల ఇసుక తొట్టెను వాడటం లేదన్న ఇల్లాలిని, పిల్లల్ని కూడా ఇలాగే పెంచావా అని అడిగారు. తాబేలు కదలడం లేదని బెంగపడిన పెద్దమనిషిని, నువ్వు మాత్రం సోఫాలోంచి ఎంత కదిలావని నిలదీశారు. వీటన్నిటిలోకీ నాకు నచ్చింది చేప సంగతి.

“చేప చచ్చిపోయాక అడుగుతున్నావా? సిగ్గులేదా?”

“ఇంకా చావలేదండీ. పక్కకి ఒరిగి ఈదుతోంది.”

“చావకముందే తొందరేంటి?”

ఆ యజమాని మళ్ళీ రాయలేదు. ఈ మళ్ళీ రాయకపోవడం మీదే పథకం యావత్తూ నిలబడి ఉంది. పోర్టల్‌కు ఒక నియమం ఉంది: జవాబు అందుకున్న యజమాని ఇరవై నాలుగు గంటలపాటు ఏమీ రాయకపోతే, ‘సమస్య పరిష్కారమైంది’ అని దానంతటదే నమోదవుతుంది. తిట్టు తిన్న మనిషి సాధారణంగా మౌనం వహిస్తాడు. మౌనం వహించినవాడి సమస్య తీరిపోయినట్టు. కనుక ఎంత గట్టిగా తిడితే అంత త్వరగా జంతువులు కోలుకోసాగాయి. మొదటి వారం తొంభై నాలుగు శాతం, రెండో వారం తొంభై ఎనిమిది. ముప్పై ఏళ్ళు కాలేజీలో తర్కశాస్త్రం చెప్పిన నేను, ఇంత దృఢమైన కార్యకారణ సంబంధాన్ని ఎన్నడూ చూడలేదు.

అయితే పరిష్కారమైన ప్రతి కేసు మీదా ఒక పశువైద్యుడి సంతకం ఉండాలని ఆడిట్ వారు పట్టుబట్టారు. అందువల్ల మా పట్టణంలో ఉన్న ముగ్గురు పశువైద్యులనూ డిప్యుటేషన్ మీద ఆ హాలుకు పంపి, సంతకాలకు కూర్చోబెట్టారు. ఆసుపత్రికి తాళం వేశారు. రోగాలన్నీ పోర్టల్‌లోనే నయమవుతున్నప్పుడు ఆసుపత్రి తెరిచి ఉంచడం ప్రభుత్వాన్ని అనుమానించినట్టవుతుంది.

అన్నీ ఇలా రెండు నెలలుగా సజావుగా సాగుతుండగా మా వదిన కుక్క తిండి మానేసింది.

మా వదిన కింది వాటాలో ఉంటుంది, నేను మేడ మీద. మా అన్నయ్య పోయాక ఆమెకు మిగిలినవి రెండు: కుట్టుమిషను, దొర అనే కుక్క. దొరకు పన్నెండేళ్ళు. మిషను తొక్కుతున్నంతసేపూ దాని కిందే, ఆమె పాదాల మధ్య పడుకుంటాడు. నాలుగు దశాబ్దాలుగా వదిన ఊరందరికీ బట్టలు కుడుతోంది. బట్టలు కుట్టేవాళ్ళు తిట్లు తినని రోజు ఉండదు. చెయ్యి బిగుతైందని ఒకరు, మెడ జారిందని ఇంకొకరు ఇంటి మీదికి వచ్చి అరుస్తారు. వదినకు ఒక పద్ధతి ఉంది. అరుపంతా పూర్తిగా విని, “నాదేనమ్మా తప్పు, చెయ్యి ఇలా చాపండి” అని టేపు తీస్తుంది. వచ్చినవారు చెయ్యి చాపుతారు. పని జరుగుతుంది. ఈ ఒక్క అలవాటు ప్రభుత్వాన్ని ఎంత దూరం తీసుకెళ్ళిందో ఇప్పుడు మనవి చేస్తాను.

డెబ్భై రెండేళ్ళ నన్ను ఆమె ఇప్పటికీ “అమ్మాయ్” అనే పిలుస్తుంది. శుక్రవారం సాయంత్రం అలాగే పిలిచి, ఫోను నా చేతికిచ్చి, తను చెబుతుంటే రాయమంది. నేను ఒక్క అక్షరం కలపకుండా రాశాను.

“మా కుక్క మూడు రోజులుగా గిన్నె దగ్గరికి వస్తున్నాడు, వాసన చూస్తున్నాడు, వెళ్ళిపోతున్నాడు. ఎడమవైపు చొంగ కారుతోంది. ఏం చెయ్యమంటారు?”

నాలుగు నిమిషాల్లో జవాబొచ్చింది. “మూడు రోజులూ నిద్రపోయావా? నీలాంటివాళ్ళకి కుక్కలెందుకు?”

వదిన తలూపింది. “నిజమే నాయనా, మొదటి రోజే అడగాల్సింది. నాదే తప్పు. ఇప్పుడేం చెయ్యమంటారు?”

ఆ హాల్లో ఇలాంటిది ఎన్నడూ ఎదురుకాలేదట. తొమ్మిది నిమిషాల యాభై సెకన్లకు గానీ జవాబు రాలేదు. పన్నెండేళ్ళ ముసలి కుక్కను ఇంకా పెట్టుకుని ఏం సాధిద్దామని అని అందులో ఉంది.

“సాధించడానికేం లేదు నాయనా. మిషను కింద పడుకుంటాడని,” అని వదిన చెప్పింది, నేను రాశాను. “చొంగ ఇవాళ కాస్త ఎక్కువైంది. ఏం చెయ్యమంటారు?”

శనివారం ఈ కేసును ఒక సీనియర్ కార్యకర్తకు అప్పగించారు. గత ఎన్నికల్లో ముగ్గురు అభ్యర్థుల చేత ఫోన్లు కట్టిపెట్టించిన సమర్థుడాయన. నిజంగా ప్రేమ ఉన్నవాళ్ళు ఇక్కడ అడుగుతూ కూర్చోరు, డాక్టరు దగ్గరికి పరిగెత్తుతారు అని ఆయన రాశాడు.

“పరిగెత్తాను నాయనా. తాళం వేసుంది. డాక్టరుగారు మీ దగ్గరే ఉన్నారని తలుపు మీద కాగితం అంటించారు. కాస్త అడిగి చెప్తారా?”

ఆ సమర్థుడు రెండు రోజులు సెలవు పెట్టాడని తరువాత తెలిసింది. వదిన మాత్రం ఆదివారమూ, సోమవారమూ అడుగుతూనే ఉంది.

సోమవారానికి పోర్టల్ డ్యాష్‌బోర్డు తొంభై తొమ్మిది దశాంశం తొమ్మిది తొమ్మిది వద్ద ఆగిపోయింది. మిగిలిన ఆ శకలం మా దొర. గురువారం పదకొండు గంటలకు మంత్రివర్యులు నూరు శాతం సాధించినట్టు ప్రకటించే సభ ఖరారై ఉంది. ఆహ్వాన పత్రాల మీద ‘100’ అని ముద్రించడం కూడా అయిపోయింది. శాఖ డైరెక్టరు అత్యవసర సమావేశం పెట్టారు. పదేళ్ళు దాటిన కుక్కను పెంపుడు జంతువుగా కాక వయోవృద్ధుడిగా పరిగణించి ఫైలును వృద్ధుల సంక్షేమ శాఖకు బదిలీ చేద్దామని ఒక అధికారి సూచించగా, అందరూ చప్పట్లు కొట్టారు. ఫైలు వెళ్ళింది. ఆ శాఖ వారు దొర వయసు ధ్రువీకరణ పత్రం జతచేయలేదంటూ గంటలో తిప్పి పంపారు. ఎవరి పని వారు చూసుకునే శాఖలు మనకు ఇంకా ఉన్నాయి.

మంగళవారం మధ్యాహ్నం డైరెక్టరు స్వయంగా జీపులో మా ఇంటికి వచ్చారు. అప్పటికి దొర ఏడు రోజులుగా ఏమీ తినలేదు. మిషను కింద, పెడలుకు చెంప ఆనించి పడుకుని ఉన్నాడు. మనుషులొస్తే లేచే అలవాటున్నవాడు, డైరెక్టరుగారి హోదాకు సైతం లేవలేదు. పెడలు కదిపితే దొర తలకు తగులుతుందని వదిన ఆ పూట మిషను తొక్కకుండా, గుండీలు మాత్రం చేత్తో కుడుతోంది. ఒకే గుండీని మూడుసార్లు విప్పి మళ్ళీ కుట్టడం నేను చూశాను.

డైరెక్టరుగారు బట్టల మూటల మధ్య స్టూలు మీద కూర్చున్నారు. సౌమ్యులు.

“అమ్మగారూ, మీరు ఒక్క రోజు ఊరుకుంటే చాలండి. రేపు పదకొండు నుంచి ఎల్లుండి పదకొండు దాకా. తర్వాత మీ ఇష్టం, రోజంతా అడగండి.”

“నేను ఊరుకుంటాను నాయనా. వాడి ఆకలి ఊరుకోవాలిగా.”

మీ దగ్గర డాక్టర్లు ముగ్గురున్నారు కదా అని నేను కలగజేసుకున్నాను.

“ఉన్నారండి. కానీ సంతకాల్లో ఉన్నారు.”

“ఒక్కరిని అరగంట పంపండి.”

“ఆయనొస్తే సంతకాలాగుతాయండి. సంతకాలాగితే పరిష్కారాలాగుతాయి. వేల జంతువుల ఆరోగ్యం ఆయన పెన్ను మీద ఉంది.”

నేను ఈ వాదంలో లోపం వెతుకుతుండగా, వదిన డైరెక్టరుగారి చొక్కా చేతి అంచు ఊడి వేలాడుతోందని గమనించి, “చెయ్యి ఇలా చాపు నాయనా,” అంది. డైరెక్టరు చెయ్యి చాపారు. ఆమె ఆ అంచు కుడుతూ, తలెత్తకుండా చెప్పింది:

“డాక్టరుగారు వచ్చి వాడి నోరు ఒక్కసారి చూస్తే, నేను ఇంకేమీ అడగను. నా మాట మాటే.”

చెయ్యి ఆమె సూది కింద ఉండటం వల్లనో, గురువారం దగ్గర పడటం వల్లనో, ఆయన ఒప్పుకున్నారు. ఒక చిక్కు వచ్చింది. పథకం మార్గదర్శకాల్లో జంతువుకు వైద్యం చేయడానికి వీలు కల్పించే నిబంధన లేదు. కనుక బుధవారం ఉదయం డాక్టరుగారు ‘మౌన ధ్రువీకరణ నిమిత్తం’ అన్న ఉత్తర్వు పట్టుకుని మా ఇంటికి వచ్చారు.

వచ్చి, నేల మీద బోర్లా పడుకుని, మిషను కిందికి దూరి, దొర పెదవిని వేలితో పైకెత్తారు. అంతే.

“పన్నండీ,” అన్నారు. “పై దవడ, ఎడమవైపు. చీము పట్టేసింది. చొంగ ఒకవైపే కారుతోందని రాస్తే ఎవరైనా చెప్పేస్తారు. మీరు ముందే రాయలేదా?”

నేను ఫోను తీసి, శుక్రవారం రాసింది ఆయనకు చూపించాను.

మత్తుసూది, పట్టకారు, దూది, అన్నీ కలిపి ముప్పై అయిదు నిమిషాలు. పని అయ్యాక కూడా ఆయన లేవలేదు. దొర తల ఒళ్ళో పెట్టుకుని చెవులు నిమురుతూ కూర్చున్నారు. “రెండు నెలలైందండీ కుక్కని ముట్టుకుని,” అన్నారు. ఆయన కుడిచేతి మధ్యవేలికి సంతకాల కాయ కాసి ఉంది.

బుధవారం పదకొండు నుంచి వదిన మాట నిలబెట్టుకుంది. ఫోను బట్టల కింద పెట్టేసింది.

గురువారం పదిన్నరకు సభ మొదలైంది. టీవీలో ప్రత్యక్ష ప్రసారం. వేదిక మీద ఇంటి గోడంత తెర, దాని మీద డ్యాష్‌బోర్డు. పదకొండు కొట్టగానే అంకె మారుతుందని వ్యాఖ్యాత నాలుగుసార్లు చెప్పింది. పదీ యాభై నిమిషాలకు మా గదిలో దొర లేచాడు. నాలుగు కాళ్ళూ నాలుగు వైపులకు పోతుండగా గిన్నె దగ్గరికి నడిచాడు. వాసన చూశాడు. వెళ్ళిపోలేదు. గిన్నె ఖాళీ చేసి, దాన్ని ముట్టెతో నెట్టుకుంటూ గది చుట్టూ తిప్పాడు. వదిన నేల మీదే కూర్చుండిపోయి, పమిటతో కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. తరువాత చెయ్యి చాపింది.

“అమ్మాయ్, ఫోను తియ్యి. పాపం ఆ పిల్లలకి చెప్పొద్దూ?”

“పదకొండు దాకా ఊరుకుంటానన్నావు వదినా.”

“అడగనన్నాను. ధన్యవాదాలు చెప్పనన్లేదుగా.”

లోపం కనిపించలేదు. నేను రాశాను: “నాయనలారా, దొర తిన్నాడు. మీకందరికీ ధన్యవాదాలు.”

పదీ యాభై ఆరుకు వేదిక మీది తెరపై దొర కేసు ఇరవై నాలుగు గంటల లెక్క మళ్ళీ మొదటికొచ్చింది. దాని కింద వదిన మాటలు చేటంత అక్షరాల్లో వచ్చాయి. వాటి కింద, కార్యకర్తల చురుకుదనం ఎలాంటిదంటే, నిమిషమైనా గడవకముందే జవాబు వచ్చింది: “నీ కుక్క తింటే మాకెందుకు చెప్పడం? మిగతా కుక్కలు పస్తులున్నాయనా నీ ఉద్దేశం?”

మంత్రివర్యులు తెర నుంచి డైరెక్టరు వైపు తిరిగారు. మైకు ఆపడం ఎవరికీ తోచకపోవడం వల్ల మిగతాదంతా దేశం విన్నది.

“ఏంటయ్యా ఇది?”

“ధన్యవాదం సార్,” అన్నారు డైరెక్టరు.

“మరి ధన్యవాదానికి బటన్ లేదా?”

“లేదు సార్. ఇంతవరకూ అవసరం పడలేదు.”

మంత్రివర్యులు సమయస్ఫూర్తి గలవారు. అయితే ఫిర్యాదు కింద రాసుకోండి అన్నారు. ఫిర్యాదు అన్నాక దానికి కారకుడు ఉండాలి. విచారణ జరిపితే, ఆ కుక్క తినడానికి డాక్టరుగారు తప్ప మరొకరు కారణం కాదని సందేహాతీతంగా తేలింది. శనివారం ఆయనను సస్పెండ్ చేశారు. ఆదివారం నుంచి ఆయన మా మెట్ల కింద బల్ల వేసుకుని కూర్చున్నారు. వీధి మలుపు దాకా జనం, సంచుల్లో పిల్లులు, సీసాల్లో చేపలు. పక్కకి ఒరిగి ఈదే చేప కూడా వచ్చింది. బతికే ఉంది.

దొర మరో మూడేళ్ళు బతికి, మిషను కిందే నిద్రలో పోయాడు. ఆ సంవత్సరమే జరిగిన మంత్రివర్గ మార్పుల్లో మంత్రివర్యులకు ప్రజారోగ్య శాఖ ఇచ్చారు. మొదటి నెలలోనే రోగుల్లో తొంభై ఆరు శాతం మంది కోలుకున్నారు.