గాజుపెట్టెలో గిటారు

ఉరుము పోయాడని తెలిసిన రోజు కళ్ళజోళ్ళాయన తన షాపుకొచ్చిన ముసలావిడకి చదువుకునే అద్దాలకు బదులు నల్లద్దాలు బిగించి పంపాడు. ఆయన ముఖం చూసి, ఇంట్లో ఎవరో పోయారనుకుని ఆవిడే ఆయన్ని ఓదార్చి వెళ్ళింది.

ఉరుమంటే మబ్బుల్లోది కాదు. రాక్ గిటారిస్టు. ఆయన వాయిస్తే హాల్లో కుర్చీలు వణికేవని అభిమానులు పెట్టుకున్న పేరది. ఆయన వాయించిన చెక్క గిటారొకటి వేలంలో దక్కించుకుని, కళ్ళజోళ్ళాయన ముందుగదిలో గాజుపెట్టెలో పెట్టి తాళం వేశాడు. వాయించడం రాదు. గాజు తుడవడం మాత్రం బ్రహ్మాండంగా వచ్చు.

"మనిషే పోయాడు. ఇప్పటికైనా దాన్ని బయటికి తియ్యండి, వాయించి చూస్తాను," అంది భార్య.

"నువ్వా? నీకేం వచ్చని?"

"ఎప్పుడైనా అడిగారా?"

"అది వాయించేది కాదు. చూసుకునేది."

"మీది కళ్ళ వ్యాపారం. మీకు అన్నీ చూసుకునేవే!"

ఆవిడది చెవుల ఉద్యోగం. ఆస్పత్రిలో, చప్పుడు చొరబడని గదిలో మనుషుల్ని కూర్చోబెట్టి, ఎంత చిన్న శబ్దం వినగలరో పరీక్షిస్తుంది. ఇంట్లో మాత్రం ఆవిడ మాటకి చెవి దొరకదు.

ఈ పోరు పడలేక కళ్ళజోళ్ళాయన ఒక ఎత్తు వేశాడు. ఆదివారం మధ్యాహ్నం తోటి అభిమానులు సంతాపానికి వస్తున్నారు. గిటారు పొట్టలో చిన్న స్పీకరు దాచాడు. అందరూ మౌనంగా నిలబడ్డప్పుడు జేబులో ఫోను నొక్కితే చాలు, గిటారు దానంతటదే మోగుతుంది. స్నేహితులు కళ్ళు తేలేస్తారు. భార్య జన్మలో దాని జోలికి రాదు.

ఆదివారం పళ్ళ డాక్టరొచ్చాడు. జులపాలొచ్చాడు. కాలేజీ రోజుల్లో భుజాల దాకా జుట్టుండేది కనక జులపాలు. ఇప్పుడు పేరే మిగిలింది. బయట మబ్బు పట్టి గది బూడిదరంగుకి తిరిగింది. కర్టెన్లు మూసి, ముగ్గురూ గాజుపెట్టె ముందు తలలు వంచారు. భార్య గుమ్మంలో నిలబడింది.

కళ్ళజోళ్ళాయన జేబులో ఫోను నొక్కాడు. ఉలుకూ పలుకూ లేదు. మళ్ళీ నొక్కాడు. దొంగచాటుగా తెర చూస్తే, స్పీకరు దొరకలేదంటోంది.

అప్పుడు గాజు వెనక ఏదో గీసుకుంది. తీగ మీద గోరు గీరినట్టు.

తర్వాత ఒక స్వరం. చాలాసేపటికి ఇంకొకటి. ఉరుము ఆఖరి కచేరీలో వాయించిన పాటే, కానీ ఎవరో నిద్రలో వాయిస్తున్నంత నెమ్మదిగా. కళ్ళజోళ్ళాయన ఫోన్లో పెట్టుకున్నది ఇది కాదు. పెట్టెలో తుప్పుపట్టిన తీగలు వాటంతటవే వణకడం ముగ్గురూ చూశారు.

పాట ఆగింది. పొడుగాటి ఊపిరి వినబడింది.

"ఊపిరాడటం లేదు..." అంది ఒక బొంగురు గొంతు. "తలుపు తియ్యండి..."

ఇన్నేళ్ళూ ఊరందరి నోళ్ళూ తెరిపించిన డాక్టరు తన నోరు మూసుకోలేకపోయాడు. జులపాలుకి లేని జుట్టు కూడా నిక్కబొడుచుకుంది.

"తియ్యవయ్యా తాళం!" అని అరిచాడు డాక్టరు.

లోపల స్పీకరుందని చెబుదామనుకున్నాడు కళ్ళజోళ్ళాయన. చెబితే పెట్టిందెవరని అడుగుతారు. పైగా స్పీకరు సరే, ఆ మాట్లాడేదెవరు? తాళం తీశాడు.

"వాయించే చేతులకివ్వండి..." అంది గొంతు.

"నాకు పంటి డ్రిల్లు తప్ప ఏదీ రాదు," అన్నాడు డాక్టరు వెనక్కి జరుగుతూ. జులపాలు అప్పటికే సోఫా వెనకున్నాడు.

"నాకు కొంచెం వచ్చండీ," అంది గుమ్మంలోంచి భార్య.

గిటారు ఒళ్ళో పెట్టుకుని, చెవి ఆనించి ఒక్కో తీగా సరిచేసింది. తర్వాత అదే పాట వాయించింది. తుప్పు తీగలు గరగరలాడాయి. అయినా డాక్టరు ఏడ్చాడు. జులపాలు సోఫా వెనకే కూర్చుని ఏడ్చాడు. పోయిన మనిషి గదిలోకొచ్చి కూర్చున్నట్టే ఉంది. ఆవిడ ఆపాక ఇద్దరూ చప్పుడు చెయ్యకుండా చెప్పులేసుకుని వెళ్ళిపోయారు.

ఆవిడ గిటారు పొట్టలో చెయ్యిపెట్టి స్పీకరు తీసి భర్త చేతిలో పెట్టింది.

"దీనికి ఒకసారికి ఒక ఫోనే కలుస్తుందండీ. మీరు దాచడం మొన్ననే చూశాను. ఇవాళ మీకంటే ముందు నాది కలిపాను."

"మరి ఆ గొంతు?" అన్నాడు నీరసంగా.

"నాదే. వేగం తగ్గించాను."

"ఆ పాట?"

"మా చెల్లి గిటారు మీద వాయించి రికార్డు చేశాను. పెళ్ళికి ముందు ఉరుము కచేరీ ఒక్కటీ వదల్లేదు నేను."

"ఇన్నేళ్ళూ చెప్పలేదేం?"

"ఆయన గురించి మీరు చెబుతూనే ఉన్నారుగా. నాకు సందెక్కడిది?" అని తీగల కేసి చూసింది. "ఆయన పోయిన రోజు ఆస్పత్రిలో ఆ పరీక్ష గదిలో తలుపేసుకుని ఏడ్చాను. బయటికి వినబడదుగా."

ఆ వారమంతా ఓదార్పులన్నీ తనే అందుకున్నాడని కళ్ళజోళ్ళాయనకి అప్పుడు తట్టింది. ఆవిడ ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. ఆవిడ మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి కళ్ళు మూసుకుని విన్నాడు.

"ఒక్కసారి... నేను ముట్టుకోనా?" అన్నాడు చివరికి.

ఆవిడ ఆయన్ని ఎగాదిగా చూసింది.

"ముందు చేతులు కడుక్కుని రండి."