మూడు గంటలకు చచ్చిపోయే వైఫై

“ఈ లోకంలో అసలైన డిటెక్టివ్‌లు ముగ్గురే. ఇద్దరు పోయారు. మూడోవాడికి మోకాళ్ళ నొప్పి” అని ప్రకటించి, తియోదులో అనే ఆ పెద్దమనిషి కుర్చీలో కూలబడ్డాడు. ఫిలిప్పీన్స్‌లోని ఇలోయిలో ఊళ్ళో పాతికేళ్ళు పేట కావలి కాసిన మనిషి. అన్నేళ్ళలో పట్టుకున్నవి రెండు. అందులో ఒకటి మేక.

“నీ మోకాళ్ళ సంగతి తర్వాత, మామయ్యా!” మేనకోడలు మరీవిక్ ఏడవడం ఒక్కటే తక్కువ. ఇంట్లోంచే కాల్ సెంటర్ ఉద్యోగం, చేరి వారమైంది. “కొత్త రౌటర్ వచ్చినప్పటినుంచి రోజూ సరిగ్గా మూడింటికి వైఫై చస్తోంది. పావుగంటకి మళ్ళీ తనే లేస్తోంది. ఇవాళ మూడింటికి మేనేజర్‌తో కాల్. ఇదీ తెగిందా, ఉద్యోగం ఊడినట్టే!”

“రోజూ ఒకే సమయం! కరడుగట్టిన హంతకుడమ్మా వీడు.”

వెలిగేదేదైనా స్వామి పక్కనే ఉండాలని అమ్మమ్మ పురిటా పట్టు. అందుకే రౌటర్ కూడా బాలయేసు విగ్రహం వెనకాలే ఉంది. మరీవిక్ లాప్‌టాప్‌లో రౌటర్ పేజీ తెరిచి, వైఫై వాడుకుంటున్న ఫోన్ల జాబితా చూపించింది.

“ఆ పేరులేని ఫోన్ ఎవరిది? దొరికాడు! వాడికి వైఫై కట్టెయ్!”

ఆమె కట్టేసింది. మరుక్షణం తియోదులో ఫోన్‌లో కోడిపందేల వీడియో ఆగిపోయింది.

“చూశావా, శత్రువు ఎదురుదెబ్బ తీశాడు!”

“అది నీ ఫోనే, మామయ్యా.”

ఆయన ఆ మాట విననట్టు నటించి, విగ్రహం వెనక తల దూర్చాడు. “అమ్మో! తూటా రంధ్రం!” అంటూ నోట్లో ఉన్న పంటిపుల్ల తీసి కసిగా పొడిచాడు. రౌటర్ దీపాలన్నీ ఆరిపోయాయి.

“రీసెట్ బొత్తాం అది! నా కొంప ముంచావు కదా!”

టైము రెండున్నర. రౌటర్ అడుగున అంటించిన కాగితం చూసుకుంటూ, మామయ్యని తిట్టుకుంటూ, మరీవిక్ పావుగంటలో అంతా మళ్ళీ కలిపింది. మూడయింది. పక్కింటి రేడియోలో మూడు గంటల ప్రార్థన మొదలైంది. ఆమె మేనేజర్ కాల్ ఎత్తింది.

వైఫై చావలేదు! పది నిమిషాల్లో మేనేజర్ శభాష్ అని ఫోన్ పెట్టేశాడు. ఆమె సంతోషం పట్టలేక ఎగిరి గంతేసింది.

అంతలో జపమాల పట్టుకుని అమ్మమ్మ వచ్చింది. “ఇవాళ కూడా ఒక్కరూ ప్రార్థనకి లేవలేదేం? రౌటర్ పెట్టిన అబ్బాయి, రోజూ మూడింటికి పావుగంట అదే ఆగిపోతుందన్నాడే! అప్పుడైనా అందరూ ప్రార్థనకి వస్తారని నేనే అడిగి చేయించుకున్నాను.”

తియోదులో నోరు తెరిచాడు. “హంతకురాలివి నువ్వా, అమ్మా? నాకు మొదట్నుంచీ అనుమానమే! పుల్లతో ఆ కుట్రంతా చెరిపేసింది నేనే!”

“నోర్మూసుకుని మోకాళ్ళ మీద కూర్చో.”

“నొప్పమ్మా...”

“నొప్పికీ ప్రార్థనే మందు.”

మరీవిక్‌కి అమ్మమ్మని చూస్తే జాలేసింది. ఇన్నాళ్ళూ ఆ పావుగంటా వైఫైని తిట్టడమే తప్ప, ఒక్కరోజూ వచ్చి పక్కన కూర్చోలేదు. ఎవరూ పిలవకుండానే వెళ్ళి మోకరిల్లింది. ముగ్గురూ కళ్ళు మూసుకున్నారు.

తియోదులో జేబులో కోడిపుంజు కూసింది. రీసెట్‌తో ఆయన ఫోన్‌కి వేసిన కట్టు కూడా తెగిపోయి, పందెం వీడియో మళ్ళీ మొదలైంది మరి.

అమ్మమ్మ కళ్ళు తెరవకుండానే అడిగింది: “అమ్మడూ, మూడింటికి వీడొక్కడి ఫోనే ఆగేలా పెట్టొచ్చా?”

“పెట్టొచ్చు, అమ్మమ్మా.”

“ఆమెన్.”