వీడియోలో వెనక నిలబడ్డ పెద్దాయన

ఆ ఉదయం నర్సమ్మ పెట్టుకున్న పని ఒక్కటే. డ్యూటీకి వెళ్లేలోపు, నీళ్లు కాచి తాగమని చెప్పే చిన్న వీడియో తీసి ఊరి గ్రూపులో పెట్టాలి. వరద తగ్గి బురద మిగిలింది. వాంతులు, విరేచనాలు అప్పుడే మొదలయ్యాయి. డాక్టరమ్మ పంచిన కరపత్రాలతో జనం చెప్పుల బురద తుడుచుకున్నారు.

ఫోన్‌ను ఉప్పు డబ్బాకు ఆనించి, పొయ్యి పక్కన నిలబడి చక్కగా చెప్పింది. చివర్లో గ్లాసెడు తాగి చూపించాలి. కాచిన నీళ్లేమో పొగలు కక్కుతున్నాయి. వేళ మించిపోతోంది. ఫోన్‌కు కనబడకుండా కుళాయి కింద గ్లాసు పట్టి, నవ్వుతూ తాగేసింది.

అమ్మ పోయినప్పటి నుంచి నాన్న గది దాటి రావడమే తక్కువ. మాట అంతకన్నా తక్కువ. ఎవరైనా పలకరించడానికి వస్తే తలుపు కూడా తీయడు. ఆ ఉదయం మాత్రం ఆమె వెనకగా వచ్చి, మూలనున్న బిందెలో గ్లాసు ముంచుకుని తాగి వెళ్లాడు. ఆమె చూడలేదు. ఊరంతా చూసింది.

"కూతురు పాఠం చెబుతుంటే తండ్రి పచ్చినీళ్లు తాగుతున్నాడు," అని ఎదురింటి దర్జీ రాశాడు.

"పాపం, ఆ వయసులో తట్టుకుంటాడా," అని ఒకావిడ.

"తట్టుకోలేదట. ఆ అమ్మాయి ఆస్పత్రికి పరుగెత్తడం నేను చూశాను," అని ఇంకొకాయన. పరుగు డ్యూటీకని ఆయనకు తోచలేదు.

మధ్యాహ్నానికి ఎవరో చేతులు జోడించిన బొమ్మ పెట్టారు. దాని కింద వరసగా చేతులే.

నర్సమ్మ అది చూసి ఇంటికి ఫోన్ చేసింది. నాన్న ఎత్తలేదు. ఆయనకు ఎత్తే అలవాటే లేదు. అయినా ఆమె ఆగలేక ఇంటికి పరుగెత్తింది.

గుమ్మం ముందు చెప్పుల గుట్ట. అలాంటి గుట్ట ఆమె అమ్మ పోయిన రోజున చూసింది. లోపలి నుంచి నాన్న గొంతు వినిపించింది.

"ఇంకా పోలేదులే. వచ్చారు కదా, కూర్చోండి."

"తప్పయింది బాబాయ్," అంటున్నాడు దర్జీ. "మరి ఆ పచ్చినీళ్లు?"

"పచ్చివని ఎవరన్నారయ్యా? మీ పిన్ని ఉన్నన్నాళ్లూ తెల్లారగానే నీళ్లు కాచి, చల్లార్చి బిందెలో పోసేది. ఇప్పుడు నేను పోస్తున్నాను."

బిందె ఎప్పుడూ నిండుగా ఎలా ఉంటోందో కూతురు ఇన్నాళ్లూ అడగలేదు.

"పిన్ని ఎంతసేపు కాచేది బాబాయ్?" అంది పక్కింటావిడ.

ఆయన చెప్పాడు. నీళ్లు తెర్లినా వెంటనే దించేది కాదనీ, మూత తీస్తే కసిరేదనీ, తనను ఎన్నిసార్లు కసిరిందో కూడా చెప్పాడు. చెబుతూ తలా ఒక గ్లాసు అందించాడు. ఎవరూ తొందరపెట్టలేదు.

సాయంత్రం డాక్టరమ్మ ఫోన్ చేసింది. "మీ వీధిలో ప్రతి పొయ్యి మీదా నీళ్లేనట. ఏం మాయ చేశావమ్మా?"

నర్సమ్మ కడుపు పట్టుకుని వింటోంది. నాన్న బిందెలో నీళ్లు ముంచి తెచ్చాడు.

"కుళాయి కింద గ్లాసు పట్టడం చూశాను తల్లీ."

"మరి వాళ్లకు చెప్పలేదేం?"

"వాళ్లు నన్ను చూడ్డానికి వచ్చారు కదా."

మర్నాడు ఆ వీధి నుంచి విరేచనాలతో ఆస్పత్రికి వచ్చింది ఒక్కరే. ఆమెకు ఎలాగూ డ్యూటీ ఉంది.