బాబూరావుగారి బుగ్గ

రెండువేల ఇరవై ఒకటి మే నెలలో, రాజోలు పక్కనున్న ఒక లంకలో, కరోనాను మర్యాదతో జయించాలని పెద్దలు ఏకగ్రీవంగా తీర్మానించారు. ఆసుపత్రి నుంచి తిరిగొచ్చిన తొలి విజేత, రిటైరైన లెక్కల మాస్టారు బాబూరావుగారు. ఆయనకు ఏనాటి నుంచో షుగరు. ఆసుపత్రిలో వాడిన స్టెరాయిడ్లతో అది ఇంకా పెరిగింది. అయితే షుగరు ఆయన సొంత విషయం. మర్యాద ఊరి విషయం.

పూతరేకులు, కాజాలు పట్టుకుని జనం వరసకట్టారు. ఆయన మాస్కు గడ్డం కిందికి దించి, నోట్లో ఒకటి పెట్టి, మళ్లీ మాస్కు సర్ది నిబంధనలు పాటించారు. ఆ జిల్లాలో "వద్దండీ" అంటే ఇంకొకటి వడ్డించమని అర్థం. పైగా, పోయిన రుచి తిరిగొచ్చింది. నాలుక మీద బెల్లం కరుగుతుంటే, దేవుడు తనను మరిచిపోలేదని ఆయనకు కళ్లు చెమర్చేవి.

వారం తిరక్కుండా ఎడమ బుగ్గ ఉబ్బింది.

"బుగ్గలొచ్చేయండీ మాస్టారూ!" అని పొరుగింటి కనకదుర్గ మురిసిపోయింది.

"ఒక్కటేనండీ వచ్చింది."

"రెండోదీ వచ్చేద్దండీ, కంగారు పడకండి."

తలపోటు వస్తే దిష్టన్నారు. ముక్కులోంచి నల్లటి పొక్కు రాలితే, రోగం బయటికి పోతోందని అభినందించారు. ఎడమ కన్ను మసకబారిన రోజునే సన్మానసభ పెట్టారు.

"కరోనాకి భయపడలేదండి! షుగరుకి భయపడలేదండి! ఈ ధైర్యం చూసి ప్రపంచం నేర్చుకోవాలండి!" అని అధ్యక్షులు రమణబాబు గర్జించి శాలువా కప్పారు. బాబూరావుగారికి ఇద్దరు రమణబాబులు కనిపించారు. సభకు జనం బాగానే వచ్చారని ఆయన సంతోషించారు.

ముఖం ఒక పక్క వాచినా, కన్ను మసకేసినా ఆ పూటే తీసుకురమ్మని, ఇంటికి పంపేటప్పుడు డాక్టరు చెప్పిన మాట కోడలు జాస్మిన్ ఒక్కతే గుర్తుపెట్టుకుంది. వేదికెక్కి, కాజా అందిస్తున్న అధ్యక్షులవారి చేతిని తోసేసింది.

"లేవండి మామయ్యగారూ. కన్ను పోద్ది."

"సభ అయ్యేక వెళ్దామమ్మా. బాగోదు."

"కన్ను పోతే బాగుంటదా అండీ?"

రెక్క పట్టుకుని కారెక్కించింది.

కాకినాడలో ఆపరేషన్ చేసి, ముక్కు లోపల పాకిన బ్లాక్ ఫంగసును తీసేశారు. వారాల తరబడి ఇంజెక్షన్లు ఇచ్చారు. కన్ను దక్కింది. ఇంకాస్త ఆలస్యమైతే ప్రాణమే పోయేదన్నారు.

ఆనాటి సంగతి ఊరు ఇప్పటికీ మరిచిపోలేదు: నిండు సభలో పెద్దమనిషి చెయ్యి తోసేసిందని. పెళ్లికావలసిన ఆడపిల్లలకు జాస్మిన్ పేరు చెప్పి, అలా ఉండకూడదని బుద్ధులు చెబుతున్నారు.

బాబూరావుగారు కృతజ్ఞత లేని మనిషి కారు. రోజూ ప్రార్థనలో కోడలికి మనసులోనే వందనాలు చెప్పుకుంటారు. పైకి చెబితే రమణబాబు నొచ్చుకుంటారు. వీధిలో ఎవరైనా "మీ కోడలికి బొత్తిగా మర్యాద తెలీదండీ" అంటే, రెండు కళ్లూ దించుకుని "ఆయ్, నిజమేనండీ" అంటారు.