బురద అంటని బస్సు

బురద చాలా గొప్పది! నవ్వకండి. బురదే లేకపోతే మా కైలాసం పనితనం మీకు తెలిసేదా?

కైలాసం నిర్మల్ బొమ్మలు చేసే మనిషి. ఉండేది నిర్మల్‌కు ఆరు మైళ్ల దూరంలో, మా పల్లెలో. ఎండాకాలం బస్సు ఊళ్లోకే వస్తుంది. వానాకాలం రెండు మైళ్ల ముందే ఆగిపోతుంది. ఆ రెండు మైళ్లూ ఆయన భార్య బాలలక్ష్మి బొమ్మల గంప నెత్తిన పెట్టుకుని నడవాలి. మొన్న ఆషాఢంలో జారిపడింది. పన్నెండు బొమ్మలు ముక్కలయ్యాయి, చెయ్యి బెణికింది. ఒంటికి కసరత్తు, బొమ్మలకు మోక్షం! డాంబరు రోడ్డు ఇంత మేలు చేస్తుందా?

రోడ్డు కోసం ఊరంతా హైదరాబాద్ రాష్ట్రం ఉన్నప్పుడే అర్జీ పెట్టింది. ఆంధ్రప్రదేశ్ వచ్చినా అర్జీ కదల్లేదు. అంతలో పట్నం ఎగ్జిబిషన్‌కు సర్కారు బస్సు బొమ్మ ఒకటి, "ఉన్నది ఉన్నట్టు" చేసి పంపమని కైలాసానికి కలెక్టరు ఆఫీసు నుంచి ఆర్డరు వచ్చింది. ఆయనకు ప్రాణం లేచివచ్చింది. బొమ్మను చూసిన పెద్దమనిషి ఒక్కడైనా, ఈ బురద ఎక్కడిదని అడగకపోతాడా?

ఇక చూడండి ఆయన పని! పొనికి చెక్కతో మూరెడు బస్సు చెక్కి, చింతగింజల జిగురు పట్టించి, ఎర్రరంగు వేశాడు. మామూలు మనిషైతే అక్కడే ఆగేవాడు. ఈయన కండక్టరు చరిచే చోట రంగును గుడ్డతో రుద్ది అరగదీశాడు. పొగగొట్టానికి కందిలి మసి అద్దాడు. రేకు అంచులకు కాచు నీళ్లతో తుప్పు పట్టించాడు. కిటికీ కింద పాన్ ఉమ్మిన మరక కూడా! ఆఖరికి మా రోడ్డు మట్టినే గుడ్డలో జల్లించి, జిగురులో కలిపి, నమిలిన వేపపుల్లతో చక్రాల మీద చిలకరించాడు.

బాలలక్ష్మి చాలాసేపు చూసింది. "గిది మన బస్సే. చూస్తుంటే నా చెయ్యి మల్ల గుంజుతుంది" అన్నది.

కైలాసం పొంగిపోయి, బొమ్మతో పాటు ఊరి అర్జీ నకలు కూడా కట్టి పంపాడు.

పది రోజులకు ఆ ఆఫీసు గుమాస్తా దేవదాస్ రెంటినీ వెనక్కి తెచ్చాడు. అర్జీ నకలు మీద దొరవారు ఎర్రసిరాతో స్వయంగా రాశారు: "వెంటనే బురద తొలగించి రిపోర్టు పంపవలెను." రోడ్డు మీద పోసే మొరం బండ్లు ఎప్పుడొస్తాయని కైలాసం ఆత్రంగా అడిగాడు.

దేవదాస్ నేలచూపులు చూశాడు. "మొరం ఏంది కైలాసం? పైన గా కాయితం ఉంటే దాని మీద రాసిండు. తుడవాల్సింది బొమ్మను. జర మెరుగెయ్యి."

ఏం చేస్తాడు? వారం పాటు పెట్టిన బురదను పూటలో గీకేశాడు. తుప్పు పోయింది, మసి పోయింది, వార్నిష్ ఎక్కింది. బురద తొలగించినట్టు దేవదాస్ చూపిన చోట సంతకం కూడా పెట్టాడు.

నెల తిరక్కుండా మా ఊరి అర్జీకి జవాబు వచ్చింది! ఎవరన్నారు సర్కారు పలకదని? గ్రామస్థుడు కైలాసం స్వయంగా బురద తొలగించి సంతకం చేసినందున అర్జీ ముగించడమైనది, అని. ఊళ్లో ఇప్పుడు ఆయన పేరు రోడ్డు కైలాసం. పాపం, ఇల్లు కదలడం లేదు.

ఎవరెన్ని చెప్పినా మా బస్సు పట్నంలో అద్దాల పెట్టెలో తళతళలాడుతోంది. ఏ వానకూ దానికి బురద అంటదు. తప్పకుండా చూడండి. మేమూ వద్దామనే ఉన్నాం గానీ, మధ్యలో ఆ రెండు మైళ్లున్నాయి. బాలలక్ష్మి ఇప్పుడే గంప ఎత్తుకుని బయల్దేరింది. ఒక్క చేత్తోనే పట్టుకుంది.