ముద్దాయి మిత్ర

ఇక మీదట ఈ దేశంలో ఏ సైనికుడూ ఒంటరిగా విచారణకు వెళ్లనక్కర్లేదని, ప్రతి సైనికుడి పక్కనా తానే స్వయంగా కూర్చుంటానని జవాన్ సంక్షేమ సలహా మండలి ఛైర్మన్ వెంకటసుబ్బారావు గారు చల్లపల్లి సెంటర్లో ప్రకటించారు. సైన్యం చాలా పెద్దది, వారు ఒక్కరు. అయినా అన్నిచోట్లా ఎట్లా కూర్చుంటారని ఎవరూ అడగలేదు. పెళ్లిళ్ల సీజన్లో ఒకే ముహూర్తానికి అవనిగడ్డలోనూ ఉయ్యూరులోనూ అక్షింతలు వేసిన ఘనత వారికి ఉంది.

"ఈ పథకం పేరు ముద్దాయి మిత్ర!" అని వారు చెయ్యి పైకెత్తగానే డప్పులు మోగాయి. కొబ్బరిబోండాల బండి పక్కన, మొహానికి మాస్కు పెట్టుకుని, టోపీ కళ్ల మీదికి లాక్కుని నిలబడ్డ దుర్గాప్రసాద్ మాత్రం బండి చాటుకు జరిగాడు. ఆ ముద్దాయి అతనే.

దుర్గాప్రసాద్ సైన్యంలో నాయక్. నాయక్ అంటే చిన్న హోదా, చేతి మీద రెండు పట్టీలు. మూడో పట్టీ పడితే హవల్దార్ అవుతాడు. ఆ పట్టీ కోసం మంచులోనూ ఎండలోనూ ఏళ్ల తరబడి నోరు మూసుకుని పనిచేశాడు. తీరా అది చేతికి అందే వేళకు వెంకటసుబ్బారావు గారి పుట్టినరోజు వచ్చింది.

పుట్టినరోజుకు ఊరినిండా ఫ్లెక్సీలు కట్టారు. జవాన్ల సంక్షేమం చూసే నాయకుడి ఫ్లెక్సీలో ఒక జవానైనా లేకపోతే బాగుండదని వారి పీఏ అఖిలేష్‌కు తోచింది. దుర్గాప్రసాద్ భార్య రామతులసి అంతకు ముందురోజే భర్త యూనిఫాం ఫోటో వాట్సాప్ స్టేటస్‌లో పెట్టింది. 'నా నాయక్ దుర్గాప్రసాద్' అని కింద రాసుకుంది. అఖిలేష్ దాన్ని స్క్రీన్‌షాట్ తీసి ఫ్లెక్సీ షాపుకి పట్టుకెళ్లాడు. సైనికుడన్నాక మీసం ఉండాలి కదా అని, నున్నటి ఆ మొహానికి గుబురు మీసం పెట్టించి చివరలు పైకి తిప్పించాడు. 'నాయక్' అన్న మాట చూసి, పాపం తొందరలో 'నాయకుడు' అని పూర్తిగా టైపు చెయ్యలేకపోయిందనుకుని తనే సరిచేశాడు. ఉత్త నాయకుడంటే వెలితిగా ఉందని ముందు 'యువ' చేర్చాడు.

ఆ విధంగా చల్లపల్లి సెంటర్లో వెంకటసుబ్బారావు గారి భుజం పక్కన, పార్టీ రంగుల మధ్య, యూనిఫాంలో, మీసాలతో, 'యువనాయకుడు దుర్గాప్రసాద్' వెలిశాడు.

యూనిఫాం వేసుకున్నవాడికి రాజకీయాలు నిషిద్ధం. ఎవరో పుణ్యాత్ముడు ఆ ఫ్లెక్సీ ఫోటో తీసి యూనిట్‌కి పంపాడు. అక్కడ దాన్ని ఇంగ్లిష్‌లోకి మార్చి 'యూత్ లీడర్' అని చదువుకున్నారు. వెంటనే, సెలవు మీద ఊళ్లో ఉన్న దుర్గాప్రసాద్ మీద విచారణకు ఆదేశించారు. తప్పు రుజువైతే మూడో పట్టీ సంగతి దేవుడెరుగు, ఉన్న రెండూ ఊడతాయి. నౌకరీ పోయినా పోవచ్చు.

రామతులసి రెండు రోజులు అన్నం ముట్టలేదు. "నా చేత్తో నేనే చేశానండీ. ఆ స్టేటస్ పెట్టకపోయినా బాగుండేది" అని ఏడ్చింది.

"నువ్వు పెళ్లాంగా పెట్టుకున్నావు. అందులో తప్పేముంది?" అన్నాడు దుర్గాప్రసాద్. అన్నాడే గాని అతనికీ ముద్ద దిగలేదు.

విచారణ అధికారి మేజర్ రాగిణి అన్న తెలుగావిడ. ఆవిడ ఫోన్ చేసి అతని హక్కులన్నీ ఓపిగ్గా చెప్పారు. విచారణ జరిగినంతసేపూ అతను అక్కడే ఉండొచ్చు. సాక్షుల్ని ప్రశ్నించొచ్చు. తన తరఫున సాక్షుల్ని తెచ్చుకోవచ్చు. తనను ఇరికించే ప్రశ్నకు జవాబు చెప్పకుండా మౌనంగా ఉండొచ్చు. వ్యవహారం ముదిరి కోర్ట్ మార్షల్ దాకా వెళితే, పక్కన కూర్చుని సలహా చెప్పడానికి ఒక మనిషిని పెట్టుకోవచ్చు. రూల్స్‌లో ఆ మనిషిని 'ఫ్రెండ్ ఆఫ్ ది అక్యూజ్డ్' అంటారు, అంటే ముద్దాయికి మిత్రుడు.

ఇవన్నీ పట్టుకుని దుర్గాప్రసాద్ విజయవాడ వచ్చి వెంకటసుబ్బారావు గారి దర్శనం చేసుకున్నాడు. వారు సోఫాలో కూర్చుని ఫోన్ చూసుకుంటున్నారు. అఖిలేష్ ఫోటో తియ్యడానికి రాగానే దుర్గాప్రసాద్ రెండు చేతులూ అడ్డంపెట్టి "వద్దండీ బాబూ, ఫోటో వద్దు" అన్నాడు. ఫోటో వద్దన్నవాళ్ల మొహం చూసే అలవాటు వెంకటసుబ్బారావు గారికి లేదు. వారు ఫోన్లోంచి తల ఎత్తలేదు.

"ఆ ఫ్లెక్సీలో జవాను సంగతండీ" అన్నాడు దుర్గాప్రసాద్. "అతనికి తెలియకుండా మేమే వేశామని ఒక్క ముక్క వచ్చి చెబితే చాలండీ."

"తెలియకుండా వేశామని ఎట్టా చెప్తామయ్యా? నేనంటే ప్రాణమిచ్చి ఫోటో ఇచ్చాడని జనం అనుకుంటన్నారు. అది అబద్ధమని నా నోటితో నేనే చెప్పుకోనా?"

"మరి అతని నౌకరీ పోద్దండీ."

"పోనిస్తానా? మీ తమ్ముణ్ణి ధైర్యంగా ఉండమను."

"తమ్ముడు కాదండీ, నేనే..."

"అదే, మీ అన్నే. ఇంకా ఏమేం హక్కులున్నయ్యంటా?"

దుర్గాప్రసాద్ మళ్లీ మొదట్నుంచీ చెప్పాడు. మౌనంగా ఉండే హక్కు దగ్గర వారు నొచ్చుకున్నారు. "మౌనంగా ఉండటం హక్కు ఎట్టా అయిద్దయ్యా? అది శిక్ష గదా!" అన్నారు. చివర్లో ఫ్రెండ్ మాట వినగానే ఫోన్ పక్కన పెట్టేసి అఖిలేష్ వైపు తిరిగారు.

"అఖిలేష్! ఇది పోస్టా, పదవా?"

"రూల్స్‌లో ఉందంటే పదవే సార్."

"ఎంతమందికి ఇయ్యొచ్చు?"

"మిత్రులకి లిమిట్ ఏముంటది సార్?"

"పదవి కాదండీ. కోర్ట్ మార్షల్ దాకా వెళ్తేనే ఆ మనిషి కావాలి. అసలు అంతదాకా వెళ్లకూడదనే గదండీ నేను వచ్చింది" అన్నాడు దుర్గాప్రసాద్.

"వెళ్తది, వెళ్తది. ఆ దిగులు నువ్వు పెట్టుకోమాక" అని వెంకటసుబ్బారావు గారు అభయమిచ్చారు.

చల్లపల్లి సెంటర్లో ప్రకటన అయిన వారం తిరక్కుండా ముద్దాయి మిత్రకు జిల్లా కన్వీనర్లు, మండల కో-కన్వీనర్లు, మహిళా విభాగం, విద్యార్థి విభాగం పుట్టుకొచ్చాయి. మొవ్వ మండలం కన్వీనర్ పదవి కోసం ఇద్దరు మిత్రులు చొక్కాలు చింపుకున్నారు. ఇంతమంది మిత్రులకూ ముద్దాయి ఒక్కడే కావడం పెద్ద చిక్కైపోయింది. "ఇంకో నలుగురు ముద్దాయిలు దొరికితే బాగుండేది సార్. మన జిల్లా జవాన్లు మరీ క్రమశిక్షణగా తగలడ్డారు" అని అఖిలేష్ వాపోయాడు. కొండపల్లిలో మీసాల సిపాయి బొమ్మలు చేయించి పదవి పుచ్చుకున్న ప్రతివాడికీ ఒకటి చొప్పున ఇచ్చారు. పదవికో కొత్త ఫ్లెక్సీ వెలిసింది. ప్రతిదాంట్లోనూ మీసాల దుర్గాప్రసాద్ వెంకటసుబ్బారావు గారికి సెల్యూట్ కొడుతున్నాడు.

ప్రతి ఫ్లెక్సీ ఫోటో ఎవరో ఒకరు యూనిట్‌కి పంపుతూనే ఉన్నారు. తన ఫైలు లావెక్కుతున్న కొద్దీ దుర్గాప్రసాద్ చిక్కిపోయాడు.

ఒక మధ్యాహ్నం ఎండకు సెంటర్లో మనిషన్నవాడు లేని సమయం చూసి, అతను నిచ్చెన వేసుకుని ఫ్లెక్సీ తాళ్లు కొయ్యబోయాడు. జ్యూస్ కొట్టు నీడలోంచి కానిస్టేబుల్ లేచొచ్చాడు.

"ఏయ్, దిగు! పెద్దోళ్ల ఫ్లెక్సీ చింపుతావా? కేసయిద్ది తెలుసా?"

"అది నా ఫోటోనేనండీ. నా ఫోటో నేను తీసుకుంటున్నా."

కానిస్టేబుల్ ఫ్లెక్సీ వంక చూశాడు, అతని వంక చూశాడు, మళ్లీ ఫ్లెక్సీ వంక చూశాడు. "ఆయన జవాను. ఆ మీసాలేంది, ఆ నిలబడ్డమేంది! నువ్వు ఆయన కాలిగోటికి చాలవు. దిగు ముందు" అన్నాడు.

దుర్గాప్రసాద్ దిగాడు. అంత అవమానంలోనూ అతనికి ఎక్కడో చిన్న ఊరట కలిగింది. ఎందుకో అప్పటికి అర్థం కాలేదు.

విచారణ విజయవాడ భవానీపురంలో, కృష్ణ ఒడ్డుకు దగ్గర్లో ఉన్న ఒక గెస్ట్ హౌస్‌లో పెట్టారు. మేజర్ రాగిణి, ఒక కుర్ర కెప్టెన్, తెలుగు రాని సుబేదార్ తేజ్‌పాల్ బల్ల వెనక కూర్చున్నారు. సుబేదార్ గారి మీసాలు చూడముచ్చటగా ఉంటాయి. జేబులో చిన్న దువ్వెన పెట్టుకుని, తీరిక దొరికినప్పుడల్లా వాటికి సేవ చేసుకుంటారు. దుర్గాప్రసాద్ ఇస్త్రీ మడత నలగని యూనిఫాంలో, మీసం లేని నున్నటి మొహంతో ఒక పక్కన కూర్చున్నాడు. బయట వరండాలో రామతులసి దుర్గమ్మకు మొక్కుకుంటూ ఉంది.

బయట డప్పులు మోగాయి. సాక్షిగా పిలిస్తే వెంకటసుబ్బారావు గారు మిత్రుడిగా వచ్చారు. ముందు ఇద్దరు మనుషులు ఎర్ర వెల్వెట్ కుర్చీ మోసుకొచ్చారు. వెనక అఖిలేష్ గజమాలతోనూ, సెల్‌ఫోన్‌తోనూ వచ్చాడు.

"అమ్మా, పెద్దాఫీసర్ గారు ఎప్పుడొస్తారు?" అని వెంకటసుబ్బారావు గారు మేజర్ గారిని అడిగారు.

"వచ్చారండీ. ఆ కుర్చీ ఏమిటి?"

"మిత్రుడి కుర్చీ అమ్మా. ముద్దాయి పక్కన వేసుకోవాలి గదా."

"ఇది కోర్ట్ మార్షల్ కాదు. మీరు ఇక్కడ సాక్షి మాత్రమే. కుర్చీ బయట పెట్టించండి."

కుర్చీ బయటికి వెళ్లింది. కొండపల్లి బొమ్మ ఒకటి బహుమానంగా బల్ల మీదికి వచ్చింది. మేజర్ గారు దాన్ని వేలితో ముట్టుకోకుండా, సాక్ష్యాల్లో చేర్చమని కెప్టెన్‌కు చెప్పారు. తమ బొమ్మ కోర్టు స్వీకరించిందని వెంకటసుబ్బారావు గారు పొంగిపోయారు. ఆ పొంగులోనే గజమాల అందుకుని, గదినంతా ఒకసారి కలియజూసి, నేరుగా బల్ల వెనక్కి వెళ్లి సుబేదార్ తేజ్‌పాల్ మెడలో వేసేశారు. భుజం చుట్టూ చెయ్యి వేసి "భయపడమాక తమ్ముడూ, నేనున్నా" అన్నారు. అఖిలేష్ ఫోటో తీశాడు.

దుర్గాప్రసాద్ ఆయన పొరపాటు దిద్దుదామని సగం లేచాడు. అంతలో తన హక్కు గుర్తొచ్చి మళ్లీ కూర్చున్నాడు. మౌనంగా ఉండటంలో ఇంత రుచి ఉందని అతనికి ఆ పూటే తెలిసింది.

మేజర్ గారు కూడా ఆయన్ని సరిదిద్దలేదు. పెన్ను మూత తీసి, "చెప్పండి, నాయక్ దుర్గాప్రసాద్ మీకు తెలుసా?" అన్నారు.

"తెలుసా ఏందమ్మా! చిన్నప్పట్నించీ నా కళ్ల ముందు తిరిగిన బిడ్డ. వాళ్లింట్లో నాకు తెలియకుండా పొయ్యి వెలగదు. మా పార్టీ అంటే ప్రాణమిస్తాడు. తనంతట తనే ఫోటో తెచ్చి, అన్నా, నీ పక్కన నన్ను వెయ్యవా అని కన్నీళ్లు పెట్టుకున్నాడు."

 ఆ మాటలు నిలబడితే దుర్గాప్రసాద్ నౌకరీ అయిపోయినట్టే. గజమాల కింద తేజ్‌పాల్ గారు మాట అర్థం కాక మర్యాదగా నవ్వుతూ కూర్చున్నారు.

"నాయక్, సాక్షిని మీరేమైనా అడుగుతారా? అది మీ హక్కు" అన్నారు మేజర్ గారు, ఎవరి వంకా చూడకుండా.

దుర్గాప్రసాద్ లేచి నిలబడ్డాడు. రాత్రంతా కూర్చుని రాసుకున్న ప్రశ్నల్ని మడిచి జేబులో పెట్టేశాడు.

"ఒక్కటే ప్రశ్నండీ. నేనెవర్ని?"

వెంకటసుబ్బారావు గారు అతన్ని కిందినుంచి పైదాకా చూశారు. "నువ్వా? నువ్వు మేడంగారి డ్రైవరువి గదూ?" అన్నారు ఆప్యాయంగా. "ఇందాక కారు దగ్గర చూశాగా."

"మరి దుర్గాప్రసాద్ ఎవరండీ?"

"కనపట్టంలా? ఇదిగో!" అని వారు తేజ్‌పాల్ గారి భుజం గట్టిగా తట్టారు. దండలోంచి బంతిరేకులు బల్ల మీద రాలాయి.

కెప్టెన్ కర్చీఫ్ నోటికి అడ్డం పెట్టుకుని దగ్గాడు. మేజర్ గారు మాత్రం దగ్గలేదు. "ఉన్నది ఉన్నట్టు రాసుకోండి. సాక్షికి నాయక్ దుర్గాప్రసాద్ ఎవరో తెలియదని రుజువైంది" అన్నారు.

నెల తిరిగేసరికి ఆరోపణ కొట్టేశారు. ఇంకో నెలకు మూడో పట్టీ పడింది. రామతులసి ఆ పట్టీని వేలితో తడిమి తడిమి చూసి, నవ్వుతూ ఏడ్చింది. ఈసారి మాత్రం స్టేటస్ పెట్టలేదు. ముద్దాయి మిత్ర సాధించిన తొలి విజయంగా వెంకటసుబ్బారావు గారు బందరు రోడ్డు పొడుగునా ఊరేగింపు తీశారు. గెలుపు గురించి పత్రికల వాళ్లు అడిగితే "మిత్రుడన్నాక ఆ మాత్రం చెయ్యాలి గదా" అని వినయంగా చెప్పారు.

ఆ తర్వాతి వారం హవల్దార్ దుర్గాప్రసాద్‌కు సుబేదార్ తేజ్‌పాల్ దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. 

"దుర్గా, నా మీద విచారణ వేశారు. విజయవాడ నిండా నా బొమ్మలేనట. దండతో, ఆ పెద్దమనిషి పక్కన. కింద తెలుగులో ఏదో రాశారట, ఇక్కడ చదివితే యూత్ లీడర్ అని వచ్చింది. నాకు ఇంకో ఏడాదిలో రిటైర్మెంట్ కదా, యూత్ ఏమిటి? ఆయన సాక్ష్యానికి వస్తాడట. కోర్ట్ మార్షల్ దాకా వెళితే నా తరఫున ఒక ఫ్రెండ్‌ని పెట్టుకోవచ్చన్నారు. నువ్వుంటావా?"

"ఉంటాను సాబ్. ఫ్రెండ్‌గా నాదొక్కటే సలహా."

"చెప్పు."

"ముందు మీసం తీసెయ్యండి."